ఆస్పత్రుల్లో దుబాసీలు కావాలా? ఇంటివాళ్లు సరిపోరా?

హిందూపురం_వాడు: అనంతపురం, చిత్తూరు వైపు నుంచి బెంగళూరు ఆస్పత్రులకు రోజూ జనం వస్తూనే ఉంటారు. డాక్టరుది కన్నడం, ఇంగ్లీషు, మనవాళ్లకు తెలుగే. ఆస్పత్రులు జీతమిచ్చి దుబాసీలను పెట్టాలంటాను. మీరేమంటారు?

మారతహళ్లి_రెడ్డి: దేనికండీ? బెంగళూరులో ఏ వార్డులో చూసినా తెలుగొచ్చిన నర్సు ఉంటుంది. లేకపోతే కొడుకో కూతురో ఉంటారు. ఆ జీతం కూడా మన బిల్లుకే తగిలిస్తారు.

మదనపల్లె_టమాటా: బిల్లు మాట నిజం 😀

సీతక్క: ఆ నర్సుకు తన పనే సరిపోదా? మా అత్తకు ఆపరేషన్ ముందు ఇంగ్లీషు కాగితం ఇచ్చారు. అక్కడ తుడిచే ఆయన "మామూలేనమ్మా, వేలిముద్ర వేసెయ్" అన్నాడు. గర్భసంచి తీసేశారని వార్డుకొచ్చాకే ఆమెకు తెలిసింది. పరీక్షకు ఒప్పుకుంటే ఆపరేషన్‌కు ఒప్పుకున్నట్టు కాదని సమీరా కోహ్లీ కేసులో 2008లోనే సుప్రీంకోర్టు చెప్పింది.

మారతహళ్లి_రెడ్డి: కోర్టు సంగతి ఎవరడిగారు? జీతం ఎవరిస్తారో చెప్పండి.

డాలస్_బాబు: ఇక్కడ అమెరికాలో 2010 ఆరోగ్య చట్టంలో (ఒబామాకేర్) సెక్షన్ 1557 ఉంది. దుబాసీ ఖర్చు రోగి మీద వేయకూడదు. ఎమర్జెన్సీ అయితే తప్ప చిన్నపిల్లల చేత చెప్పించకూడదు.

మారతహళ్లి_రెడ్డి: మీ డాలస్ మీ దగ్గరే ఉంచుకోండి.

హిందూపురం_వాడు: మనకూ ఉంది కదన్నా. 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం రోగికి అర్థమయ్యే భాషలోనే చెప్పాలి. బెంగళూరు నిమ్హాన్స్ మానసిక ఆస్పత్రికైనా అదే రూలు.

సీతక్క: రెడ్డిగారూ, పొద్దున్నుంచీ బిల్లు, బిల్లు. మీ బాధ బిల్లు కాదు, ఇంకేదో ఉంది.

మారతహళ్లి_రెడ్డి: ఉంది. అయితే ఏంటి? మా నాన్నకు కాలేయంలో క్యాన్సర్ అని డాక్టరు ఇంగ్లీషులో చెప్పాడు. నేను "వాపంట, మందులకు తగ్గిపోతుందంట" అన్నాను. ఆ మధ్యాహ్నం రాగిసంగటి అడిగి మరీ తిన్నాడు. మీ జీతగాడుంటే అక్కడే కుండబద్దలు కొట్టేవాడు.

సీతక్క: ఆయనకు తేల్చుకోవాల్సిన పొలం సంగతులు, చూసుకోవాల్సిన మనుషులు ఉండరా?

మారతహళ్లి_రెడ్డి: మా పొలం గొడవ మీకెందుకమ్మా?

మదనపల్లె_టమాటా: అక్కా, అన్నా, కాస్త తగ్గండి.

సీతక్క: ఒక్కటే అడుగుతా. నాకేమైందిరా అని ఆయన మిమ్మల్ని అడగలేదా?

మారతహళ్లి_రెడ్డి: అడిగాడు. ఏం చెప్పాలో కొడుకుగా నాకు తెలుసు. డాక్టరైనా, దుబాసీ అయినా నన్నడిగాకే మా నాన్నతో మాట్లాడాలి.

సీతక్క: జబ్బు ఆయనది. ముందు ఆయన్నే అడగాలి.