సితార్ కచేరీలో ఆలాప్‌ను మధ్యలో కుదించమని అడగవచ్చా?

సీతమ్మధార శ్రోత
పోయిన శనివారం మన విశాఖలో ఒక సితార్, తబలా కచేరీకి వెళ్లాను. హాలు పేరు, కళాకారుల పేర్లు రాయను. నా తగువు ఒక పద్ధతితో. ఆరున్నరకి అన్నారు. ఉపన్యాసాలు, శాలువాలు, జ్ఞాపికలు అయ్యేసరికి ఏడుంబావు. సితార్ ఆయన యమన్ రాగం ఎత్తుకుని, తాళం లేకుండా రాగాన్ని నెమ్మదిగా విప్పే ఆలాప్ మొదలుపెట్టారు. మంద్రంలో నిషాదం దగ్గర నిలబడి, రిషభం తాకి, మళ్లీ కిందికి వెళ్లి, గాంధారం మీద ఆగడానికే ఎనిమిది నిమిషాలు పైగా తీసుకున్నారు. యమన్‌కి గాంధారమే వాది స్వరం, అంటే అన్నిటికన్నా ముఖ్యమైన స్వరం. అది వచ్చి నిలిచినప్పుడు నాకు ఒళ్లు జలదరించింది.

ఇరవై అయిదు నిమిషాలకి ఇంకా లయ పుట్టే జోడ్ భాగం మొదలవుతోందనగా నిర్వాహకుల్లో ఒకాయన కుదించమని వేదికమీదికి చీటీ పంపారు. సితార్ ఆయన అది చూసి, జోడ్ రెండు నిమిషాల్లో ముగించి, వేగంగా సాగే ఝాలా వదిలేసి, తబలా ఆయన వైపు తల ఊపారు. తర్వాత ఆ నిర్వాహకుణ్ణి అడిగితే, "జనం కదులుతున్నారండీ, తబలా పడితే కూర్చుంటారు" అన్నారు. ఇలా అడగడం తప్పని నా గట్టి అభిప్రాయం. మీరేమంటారు?

గాజువాక నుంచి
నేనూ ఆ కచేరీకి వచ్చాను. కదిలినవాళ్లలో నేనూ ఉన్నాను, దాచను. నాకు సంగీతం రాదు, ఇష్టం మాత్రం ఉంది. తొమ్మిది దాటితే సిరిపురం నుంచి మా వైపు బస్సుకోసం ఎంతసేపు నిలబడాలో మాకు తెలుసు. పాప స్కూలు, నా షిఫ్టు అన్నీ చూసుకుని వచ్చాం. సాహిత్యం లేని, తాళం లేని నలభై నిమిషాలు కొత్తవాళ్లకి బరువే. పాత రోజుల్లో గ్రామఫోన్ రికార్డు ఒక వైపు మూడు నిమిషాలే కదా, హిందుస్తానీ గాయకులు అబ్దుల్ కరీమ్ ఖాన్ గారు అందులోనే రాగాన్ని కళ్లకి కట్టేవారు. కుదిస్తే రాగం చచ్చిపోదు.

సీతమ్మధార శ్రోత
రికార్డు సంగతి నిజమే. కానీ మూడు నిమిషాలకని ముందే మనసులో కట్టుకుని పాడటం వేరు, గంటకని కట్టుకున్నదాన్ని సగంలో తెగ్గొట్టడం వేరు. తంజావూరు చిత్రకారుడు చిన్న బొమ్మ వేయగలడని, పెద్ద బొమ్మని కత్తిరించి చిన్నది చేయం కదండీ.

ఇంకో మాట. మన కర్ణాటక కచేరీల్లో తని ఆవర్తనం మొదలవగానే కాఫీకి లేచేవాళ్లని కళాభారతి హాల్లో ఎన్నో ఏళ్లుగా చూస్తున్నాను. మృదంగం ఒంటరిగా మోగితే లేచిపోయే మనమే ఇక్కడ తబలాకోసం ఎందుకు తొందరపడుతున్నాం? తబలా మీద ప్రేమ అని నాకు అనిపించదు. వేగం మీద, చప్పట్లు కొట్టే చోటు మీద ఆశ. సితార్, తబలా ఒకదానికొకటి బదులిచ్చుకునే సవాల్ జవాబ్ వస్తేనే కచేరీ అయినట్టు మనకి అలవాటు చేశారు.

ఒక సభ కార్యకర్త
ఆ చీటీ పంపినది నేను కాను. పంపినాయన అవస్థ మాత్రం నాకు తెలుసు. హాలు అద్దె గంటలలెక్కన. తొమ్మిదింబావుకి లైట్లు ఆపేస్తామంటారు. ముందు వరసలో చందాలిచ్చినవాళ్లు. వాళ్లు గడియారం చూస్తుంటే టెన్షన్ మనకి. ఒకసారి నేనూ చీటీ రాసి పంపలేక జేబులో పెట్టుకున్నాను. ఆ రోజు జనం సగమే మిగిలారు. మరుసటి ఏడాది చందాలు తగ్గాయి. ఇవి చూడకుండా కార్యకర్తని తిట్టకండి.

తబలా విద్యార్థి
తబలా పేరుతో ఆ చీటీ పంపారు కాబట్టి చెప్తున్నాను, మాక్కూడా అది నష్టమే. ఆలాప్‌లో లయకట్టు ఉండదు. జోడ్‌లో నడక పుడుతుంది, ఝాలాలో ఉరుకుతుంది. అంతా ఆగి, తబలాతో కలిసి నెమ్మదిగా నడిచే విలంబిత్ గత్ మొదలవుతుంది. మసీత్‌ఖానీ అనే రకం గత్ అయితే పదహారు మాత్రల (తాళం లెక్కల) తీన్‌తాల్‌లో పన్నెండో మాత్ర దగ్గర సితార్ ఎత్తుకుంటుంది. సమానికి, అంటే మొదటి మాత్రకి, వచ్చేసరికి మా మొదటి "ధా" పడాలి. ముప్పావుగంట తాళం లేకుండా విన్న చెవికి ఆ ఒక్క దెబ్బ ఎంత తృప్తినిస్తుందో! పది నిమిషాలు తగ్గిస్తే ఆ దెబ్బకి అంత బలం ఉండదు. మా గురువుగారు ఆలాప్ జరుగుతున్నంతసేపూ నన్ను కదలనిచ్చేవారు కాదు. "నువ్వు వాయించడం లేదంతే, కచేరీలో ఉన్నావు" అనేవారు.

తబలాకి గౌరవం లేదనుకోకండి. సహవాద్యకారుడికి విడిగా వాయించే చోటిచ్చి అతన్ని ముందుకి తెచ్చినవారిలో పండిట్ రవిశంకర్ గారు ముఖ్యులు. ఆయనా ఆలాప్ తర్వాతే ఆ చోటిచ్చేవారు.

ఆది తాళం వేసే అలవాటున్నవారికి ఒక మాట: ఎనిమిదేసి లెక్కపెట్టకుండా పదహారు పూర్తిగా వినండి. తొమ్మిదో మాత్ర ఖాళీ, అంటే తాళంలో చేయి విసిరే చోటు. దాని వెంటనే ఎడమచేతి బాయా గుమకం ఆగి "తిన్ తిన్ తా" వినిపిస్తుంది. అది దొరికితే సమం దానంతటదే దొరుకుతుంది.

వీణ నేర్పే ఆవిడ, మద్దిలపాలెం
గాజువాక నుంచి రాసిన తమ్ముడూ, నీ బాధ నిజం. కాని నీకు ఆ రాగం పరాయిది కాదు నాయనా. యమన్ మన కల్యాణికి దగ్గర చుట్టం. నడక మాత్రం వేరు, ఆరోహణలో తరచుగా షడ్జ పంచమాలు దాటేస్తుంది. ఈ ఒక్క ముక్క ఎవరైనా తెలుగులో రెండు నిమిషాలు చెప్పి ఉంటే, "ఇంకా ని రి గ దగ్గరే ఎందుకున్నాడు" అని నువ్వు విసుక్కునేవాడివి కాదు, ఎక్కడికి వెళ్తాడోనని ఎదురుచూసేవాడివి. అరగంట శాలువాలు కప్పించారే, ఆ అరగంటే ఆలాప్‌లోంచి పోయింది. చీటీ సితార్ ఆయనకి పంపాల్సింది కాదు, ఉపన్యాసకులకి పంపాల్సింది.

గాజువాక నుంచి
అక్కా, ఈ మాట ఒప్పుకుంటున్నాను. శాలువాల అరగంట నాకూ తిక్క తెప్పించింది, ఆ విసుగంతా ఆలాప్ మీద పడింది. కానీ నా మాట పూర్తిగా వదులుకోను. మొదటిసారి వచ్చేవాడికి ఇరవై అయిదు నిమిషాల ఆలాప్ చాలు. అయితే అది కళాకారుడికి ముందే చెప్పాలి, మధ్యలో కాదు.

ఒక సభ కార్యకర్త
మా తర్వాతి కచేరీ ఆరింటికే పెడతాను, సత్కారం చివర. రాగం గురించి ఒక పేజీ తెలుగులో అచ్చువేసి గుమ్మం దగ్గర పంచుతాం. ఎవరు రాస్తారు?

సీతమ్మధార శ్రోత
నేను రాస్తాను. అక్కగారు దిద్దాలి. ఆలాప్ ఎంతసేపో కళాకారుణ్ణి అడిగి, ఆ సంఖ్య కూడా ఆహ్వానపత్రికమీద వేయండి. బస్సు చూసుకోవాల్సినవాళ్లకి అది కావాలి.