సంక్రాంతికి ఊరెళ్తూ థర్మోస్టాట్‌ని బ్యాటరీల మీద వదిలేయొచ్చా, సి వైరు ఉండి తీరాలా?

డెట్రాయిట్_పక్కన:
అందరికీ నమస్కారం. మాది 1974లో కట్టిన ఇల్లు, బేస్‌మెంట్‌లో గ్యాస్ ఫర్నేస్ (ఇంటిని వేడిచేసే యంత్రం), దానికే ఏసీ కూడా కలిపి ఉంది. డిసెంబర్ మూడో వారంలో విజయవాడ బయల్దేరి, పండగ చూసుకుని జనవరి చివర్లో వస్తాం, అప్పటిదాకా ఇంట్లో ఎవరూ ఉండరు. ఇప్పుడున్న ప్రోగ్రామబుల్ థర్మోస్టాట్ రెండు ఏఏ బ్యాటరీలతో నడుస్తుంది, స్క్రీన్ మీద అంకెలు సగం చెరిగిపోయాయి. అక్కడి నుంచి ఫోన్లో ఇంటి వేడి చూసుకోవచ్చని వైఫై ఉన్నది కొన్నాను. తీరా చూస్తే పాతదానికి నాలుగే వైర్లు బిగించి ఉన్నాయి: ఎరుపు ఆర్‌కి (కరెంటు వచ్చేది), తెలుపు డబ్ల్యూకి (వేడి), పసుపు వైకి (ఏసీ), ఆకుపచ్చ జికి (ఫ్యాన్). సి ఖాళీ. కొత్తదాని డబ్బా మీద చాలా ఇళ్ళలో సి లేకపోయినా పనిచేస్తుందని రాశారు. నమ్మి వెళ్ళొచ్చా?

కొలంబస్_నైట్‌డ్యూటీ:
నమ్మొద్దండీ. నేను నమ్మాను. అక్టోబర్‌లో బిగిస్తే రెండు నెలలు బ్రహ్మాండంగా నడిచింది, జనవరిలో ఒకరోజు డ్యూటీ దిగి పొద్దున్నే ఇంటికొచ్చేసరికి స్క్రీన్ నల్లగా ఉంది, ఇంట్లో 48 డిగ్రీల ఫారెన్‌హీట్, మా అమ్మ రెండు దుప్పట్లు కప్పుకుని వంటింట్లో స్టవ్ దగ్గర కూర్చుంది. దాన్ని గోడ నుంచి పీకి వెనకున్న యూఎస్‌బీకి ఫోన్ ఛార్జర్ పెట్టి గంటన్నర ఛార్జ్ చేస్తే గానీ ఫర్నేస్ అందుకోలేదు. ఇంట్లో మనుషులుండబట్టి సరిపోయింది. మీ ఇంట్లో ఎవరుంటారు?

బఫెలో_మంచు:
అందుకే నేను వైఫైవి వద్దంటాను. పాతదాని బదులు అలాంటిదే బ్యాటరీల ప్రోగ్రామబుల్ కొనుక్కోండి, కొత్త ఏఏలు వేసి, హోల్డ్‌లో (ఎప్పుడూ ఒకే వేడి ఉంచే సెట్టింగ్) 55 దగ్గర పెట్టి తాళం వేసుకుని వెళ్ళండి. మా ఇంట్లో ఒక జత ఏడాది పైనే వస్తుంది, అయిపోయే ముందు కొన్ని వారాల నుంచే గుర్తు చూపిస్తుంది. ఐదు వారాల కోసం గోడలు తవ్వించుకోవడం ఎందుకు? వైరు లాగడానికి నన్ను 280 డాలర్లు అడిగారు.

ఫ్రిస్కో_చేతిపని:
ఇద్దరూ తలో సగం చెప్పారు. థర్మోస్టాట్ అంటే నిజానికి ఒక స్విచ్చే. ఫర్నేస్‌లోని ట్రాన్స్‌ఫార్మర్ 120 వోల్టులని 24కి దించి ఆర్‌లోకి పంపిస్తుంది, చలేస్తే థర్మోస్టాట్ ఆర్‌ని డబ్ల్యూకి కలుపుతుంది, అంతే. సి అంటే ఆ కరెంటు తిరిగి ట్రాన్స్‌ఫార్మర్‌కి చేరే దారి. బ్యాటరీలున్నదానికి సొంత తిండి ఉంది కాబట్టి సి అక్కర్లేదు. వైఫైదానికి రోజంతా కరెంటు కావాలి, సి లేకపోతే డబ్ల్యూ, వై వైర్లలోంచి కొంచెం కొంచెం దొంగిలించి తన లోపలి బ్యాటరీ నింపుకుంటుంది. కొన్ని ఫర్నేస్ బోర్డులు ఆ చిన్న కరెంటునే వేడి కావాలనే పిలుపు అనుకుని రిలే (బోర్డు మీది స్విచ్) టకటకా కొట్టుకుంటాయి, కొన్నిటి దగ్గర చాలినంత దొరకదు. కొలంబస్ గారి ఇంట్లో జరిగింది అదే అయ్యుంటుంది.

తమ్ముడూ, సి వైరు లోటు తీర్చే అడాప్టర్లు కొనేముందు ఒక పని చెయ్యి. బ్రేకర్ ఆపి, ఫర్నేస్ పక్కనున్న స్విచ్ కూడా ఆపి, గోడ రంధ్రంలో ఆ వైర్ల కట్టని మెల్లగా అంగుళం బయటికి లాగి చూడు. చాలా ఇళ్ళలో ఐదో వైరు వాడకుండా వెనక్కి మడిచి తొడుగు చుట్టూ చుట్టేసి ఉంటుంది. స్విచ్ మాత్రం మర్చిపోకు. నేను తొందరలో ఎర్ర వైరుని సికి తగిలించాను, బోర్డు మీద ఊదారంగు 3 ఆంపియర్ల ఫ్యూజ్ టప్పున పోయింది, ఆదివారం రాత్రి ఏ కొట్టూ లేదు.

బఫెలో_మంచు:
ఐదో వైరు లేకపోతే?

ఫ్రిస్కో_చేతిపని:
ఆకుపచ్చదాన్ని రెండు చివర్లా సికి మార్చుకోవచ్చు. ఫర్నేస్ మండేటప్పుడు బ్లోయర్‌ని (గాలి ఊదే ఫ్యాన్‌ని) బోర్డే తిప్పుతుంది, వేడికి ఇబ్బంది లేదు. ఏసీ కోసం బోర్డు దగ్గర వైని జికి చిన్న తీగతో కలపాలి, ఇక ఫ్యాన్ ఒక్కటే విడిగా తిరగదు. అది ఒప్పుకోకపోతే బోర్డు దగ్గర పెట్టే అడాప్టర్ ఉంది. ఒకటి గుర్తుంచుకో, ఇదంతా 24 వోల్టుల సంగతి. గోడ వెంట ఎలక్ట్రిక్ బేస్‌బోర్డ్ హీటర్లున్న ఇళ్ళలో థర్మోస్టాట్ దగ్గరికి 240 వోల్టులు నేరుగా వస్తాయి, అక్కడ ఇవేవీ పెట్టకూడదు.

సెయింట్‌పాల్_అక్క:
మీరంతా థర్మోస్టాట్ దగ్గరే ఆగిపోయారు. కరెంటు పోతే సి ఉన్నా, బ్యాటరీలున్నా ఫర్నేస్ ఆగుతుంది కదా! 2021 ఫిబ్రవరిలో టెక్సాస్‌లో అదేగా జరిగింది, కరెంటు లేక ఇళ్ళు చల్లబడి, నీళ్ళు గడ్డకట్టి పైపులు పగిలాయి. వెళ్ళేముందు నీళ్ళ మెయిన్ వాల్వ్ కట్టేసి, కుళాయిలన్నీ తిప్పి ఖాళీ చేసి వెళ్ళు నాన్నా. మీది గాలి ఫర్నేస్ కాబట్టి పర్వాలేదు, వేడినీళ్ళ రేడియేటర్లున్నవాళ్ళు అడిగి చెయ్యండి. ఇంటి తాళం ఒకటి దగ్గర్లో తెలిసినవాళ్ళకివ్వు.

డెట్రాయిట్_పక్కన:
అన్నా, ఉంది! కట్ట లాగితే నీలం వైరు, యాభై ఏళ్ళ సున్నం అంటుకుని తొడుగుకి నాలుగు చుట్లు చుట్టి ఉంది. కింద ఫర్నేస్ దగ్గర దాని రెండో చివర కూడా అలాగే మడిచి ఉంది. సికి బిగించాను, మీటర్ పెడితే ఆర్‌కీ సికీ మధ్య 27 వోల్టులు చూపించింది, కొంచెం ఎక్కువేమో అని టెన్షన్ పడ్డాను.

ఫ్రిస్కో_చేతిపని:
27 మామూలే. లోడ్ పడితే దిగుతుంది.

బఫెలో_మంచు:
సంతోషం. కానీ విజయవాడలో ఫోన్ చూసి ఇంట్లో 40 డిగ్రీలుందని తెలిస్తే ఏం చేస్తారండీ అక్కడి నుంచి? నా ఓటు ఇప్పటికీ ఏఏ బ్యాటరీలకే.

డెట్రాయిట్_పక్కన:
అక్క చెప్పినట్టు పక్క వీధి రావు గారికి తాళం ఇస్తున్నాను. ఫోన్లో 50 కింద కనబడితే ఆయనకి కాల్ చేస్తాను. మెయిన్ వాల్వ్ ఇవాళే తిప్పి చూశాను, తుప్పు పట్టి సగంలో బిగుసుకుపోయింది. రేపు ప్లంబర్ వస్తున్నాడు.