అప్‌డేట్: అమ్మ మోకాలి కుట్ల నుంచి కారడం ఆగింది

మోకీలు మార్పిడి తరువాత అమ్మ కుట్ల నుంచి నీరులాంటి ద్రవం ఆగకుండా కారుతోందని, యాంటీబయాటిక్ మాత్రలు వాడవచ్చా అని అడిగాను. సర్జన్ గారు వద్దన్నారు. అవి లోపలి ఇన్ఫెక్షన్‌ను నయం చేయకుండా కప్పిపుచ్చి, తరువాతి కల్చర్ పరీక్షలో (నమూనాలోని క్రిమిని ల్యాబ్‌లో పెంచి గుర్తించే పరీక్ష) క్రిమి దొరకకుండా చేయగలవట. శస్త్రచికిత్స జరిగి 72 గంటలు దాటినా కట్టుపై 2 సెంటీమీటర్ల పొడవు, అంతే వెడల్పుకు మించిన తడి కనబడితే అది మామూలు కాదని 2013 నాటి అంతర్జాతీయ నిపుణుల సమావేశం సూచించిన కొలతనే ఆయన పాటిస్తారు.

మోకాలు వంచే వ్యాయామాలు ఆపించి, నెగెటివ్ ప్రెషర్ డ్రెస్సింగ్ (గాయంలోని ద్రవాన్ని మెల్లగా పీల్చే కట్టు) అమర్చారు. రక్తం పలచబరిచే మందును ఆయనే సమీక్షించారు; కాలి సిరల్లో గడ్డలు ఏర్పడే ప్రమాదముంది కనుక దాన్ని మనంతట మనం ఆపకూడదు. 5 నుంచి 7 రోజుల్లో తగ్గకపోతే మళ్లీ కీలు తెరిచి కడగవలసి వచ్చేది (అది విని అమ్మ కంటే నేనే ఎక్కువ బెదిరాను). ఇప్పుడు కట్టు పొడిగా ఉంది, కుట్లు ఇంకా తీయలేదు.