అనంతపురం ఎండల్లో డోరీ చేపను ఇంట్లో పెంచొచ్చా?

పెన్నా_ఒడ్డు:
2016లో వచ్చిన ‘ఫైండింగ్ డోరీ’ చూసిన పిల్లలు ఆ నీలం చేపే కావాలని మారాం చేస్తారు. కొనియ్యొద్దనే నేనంటా. దాని పేరు బ్లూ టాంగ్. అంగట్లో రెండంగుళాలే ఉంటుంది, పెరిగితే అడుగు దాకా వస్తుంది. రోజంతా ఈదే జాతి, ఆరడుగుల తొట్టి లేకుంటే దానికి ఇరుకే. అమ్మకానికొచ్చేవి చాలామటుకు సముద్రంలో పట్టినవి. గుడ్డు నుంచి తొట్టిలో పెంచడం ఫ్లోరిడా విశ్వవిద్యాలయం వాళ్లకు కుదిరిందే 2016లో. సినిమాలో అమ్మానాన్నల్ని వెతుక్కుంటూ పోయి, చివరికి మళ్లీ సముద్రానికే చేరిన చేప అది. ఆ కథ చూసి దాన్ని గాజుపెట్టెలో పెట్టడం నాకు మింగుడుపడదు.

గుత్తి_కోట:
ఇరుకు సంగతి నిజమే అన్నా. అయితే ఏర్పాట్లు సరిగ్గా చేసుకున్నోళ్లను కూడా వద్దనడం న్యాయం కాదు. 6×2×2 అడుగుల తొట్టికి 680 లీటర్లు పడతాయి. లీటరుకు 35 గ్రాముల లెక్కన దగ్గర దగ్గర 24 కిలోల ఉప్పు కావాల. వంటుప్పు పనికిరాదు, సముద్రపు తొట్లకని అమ్మే మిశ్రమమే వాడాల. మన బోరు నీళ్లలో ఫ్లోరైడు, గట్టిదనం ఎక్కువ కాబట్టి ఆర్వో నీళ్లే పోయాల. ఇంటి ఆర్వోలో టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాల మోతాదు) సర్దే మర ఉంటే పూర్తిగా మూసెయ్యండి, లేకుంటే అది బోరు నీళ్లనే కొంచెం కలుపుతుంది. నీళ్లు పోసిన రోజే చేపను వదిలితే దాని వ్యర్థాల నుంచి పుట్టే అమోనియాతోనే చస్తుంది. ఆ అమోనియాను హరించే బ్యాక్టీరియా తొట్టిలో పెరిగేదాకా నాలుగు నుంచి ఆరు వారాలు ఆగి, అమోనియా, నైట్రైట్ రెండూ సున్నా చూపించినాకే వదలాల.

యాడికి_నీళ్లు:
అసలు చిక్కు ఏప్రిల్, మే నెలల్లోనే. ఈ చేపకు 25–26 డిగ్రీలు కావాల, బయటేమో 40 దాటుతుంది. నీళ్ల మీదికి ఫ్యాన్ పెడితే మన పొడిగాలికి రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది, కోస్తాలో అంత తగ్గదు. కానీ అదే గాలికి నీళ్లు తొందరగా ఆవిరైపోతాయి, ఉప్పు మాత్రం తొట్టిలోనే మిగులుతుంది. తగ్గిన మేరకు ఉప్పు నీళ్లు పోసినారంటే సాంద్రత సముద్రపు నీళ్లకుండే 1.025 దాటి పైకి పోతుంది. కలిపేది ఉత్త ఆర్వో నీళ్లే. అంత తొట్టికి మన ఎండలో ఫ్యాన్ ఒక్కటే చాలదు, నీళ్లను చల్లబరిచే చిల్లర్ యంత్రం పెట్టాల్సిందే.

పెన్నా_ఒడ్డు:
మరి కరెంటు పోతే? చిల్లర్ ఆగుతుంది, నీళ్లు వేడెక్కేకొద్దీ ఆక్సిజన్ తగ్గుతుంది. బ్లూ టాంగ్‌కు తెల్లమచ్చల రోగం కూడా తొందరగా అంటుతుంది. దానికి రాగి మందు వేస్తే రొయ్యలు, పగడాలు చస్తాయి.

గుత్తి_కోట:
అందుకే కొత్త చేపను నాలుగు వారాలు వేరే తొట్టిలో పెట్టాల, రాగి మందు వెయ్యాల్సొస్తే అక్కడే వెయ్యాల. గాలి పంపుకు బ్యాటరీ ఉండాల. ఇవన్నీ కుదరనోళ్లకు ‘ఫైండింగ్ నీమో’ సినిమాలోని నీమో జాతి క్లౌన్ చేప మేలు, దాదాపు నాలుగంగుళాలకు మించదు. వాటిని గుడ్ల నుంచి తొట్టిలోనే పెంచే పద్ధతి మన సీఎంఎఫ్‌ఆర్‌ఐ (కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ) దగ్గరే ఉంది, కాబట్టి తొట్టిలో పుట్టినవేనా అని అడిగి కొనండి.

పెన్నా_ఒడ్డు:
దానికైతే నేనూ ఒప్పుకుంటా. నీమో సినిమాలో ఉందని సీ అనెమొనీ (క్లౌన్ చేప దాక్కునే, పువ్వులా కనిపించే సముద్ర జీవి) మాత్రం కొనొద్దు. క్లౌన్ చేప అది లేకున్నా బతుకుతుంది. అనెమొనీ కదిలి పోయి పంపులో పడి నలిగితే తొట్టి నీళ్లన్నీ చెడిపోతాయి.