హై-స్పీడ్ కెమెరా ఒకరోజు దొరుకుతోంది, ఇంకోరోజు దొరకడం లేదు. డౌన్‌లోడ్‌కి 25 నిమిషాలు

ఇంపాక్ట్_ల్యాబ్:
లోహపు పలకల ఇంపాక్ట్ టెస్టులకి వాడే కెమెరా ఇది. 1024 × 1024, 12 బిట్, సెకనుకి 5,000 ఫ్రేములు, లోపలి మెమరీ 16 జీబీ. కెమెరా అడ్రస్ 192.168.0.10. విండోస్ 10 ల్యాప్‌టాప్‌కి యూఎస్‌బీ ఈథర్‌నెట్ అడాప్టర్ పెట్టి 192.168.0.50 ఇచ్చాం. మధ్యలో స్విచ్ లేదు, 10 మీటర్ల కేబుల్ నేరుగా కెమెరాకే.

కొన్ని రోజులు సాఫ్ట్‌వేర్‌లో కెమెరా కనబడదు. అప్పుడు పింగ్ (అవతలి పరికరం జవాబిస్తుందో లేదో చూసే కమాండ్) కొడితే "రిప్లై ఫ్రమ్ 192.168.0.37: డెస్టినేషన్ హోస్ట్ అన్‌రీచబుల్" అని నాలుగుసార్లు వచ్చి, కింద లాస్ 0 శాతం అంటోంది. అంటే కనెక్షన్ ఉన్నట్టేనా? కెమెరా దొరికిన రోజు లైవ్ బాగానే వస్తుంది కానీ మెమరీ మొత్తం దింపడానికి 25 నిమిషాలు పడుతోంది. పెన్ డ్రైవ్‌లోకి సేవ్ చేస్తే 4 జీబీ దగ్గర ఎర్రర్ వచ్చి ఆగిపోతుంది.

ఫైర్‌వాల్ ఆపి చూశాం, సాఫ్ట్‌వేర్ తీసేసి మళ్లీ వేశాం, కెమెరా ఆఫ్ చేసి ఆన్ చేశాం. ఏం మారలేదు.

గిగాబిట్_గోపురం:
ముందు ఒక మాట. షాట్ తీసి ఇంకా దింపకపోతే కెమెరా ఆఫ్ చేయకండి. షాట్ ఉండేది ర్యామ్‌లో. బ్యాటరీ బ్యాకప్ లేని మోడల్ అయితే పవర్ తీయగానే పోతుంది. నెట్‌వర్క్ కేబుల్ పీకినా, సాఫ్ట్‌వేర్ మూసినా ఏం కాదు. మళ్లీ కనెక్ట్ అయ్యాక మాత్రం రికార్డ్ నొక్కకుండా నేరుగా మెమరీ ప్లేబ్యాక్‌లోకి వెళ్లండి. రికార్డ్ నొక్కితే పాత షాట్ మీద కొత్తది పడుతుంది.

ఇక 25 నిమిషాల సంగతి. 16 జీబీని 1,500 సెకన్లతో భాగిస్తే సెకనుకి దాదాపు 11.5 ఎంబీ. 100 మెగాబిట్ లింక్ ఇచ్చే వేగం అచ్చంగా అంతే. గిగాబిట్ లింక్ అయితే సెకనుకి 110 ఎంబీ దాకా రావాలి, మూడు నిమిషాల్లో పని అయిపోవాలి. కాబట్టి నా అనుమానం కేబుల్ మీదే. గిగాబిట్‌కి ఎనిమిది తీగలూ కావాలి, 100 మెగాబిట్‌కి 1, 2, 3, 6 నంబర్ల తీగలు చాలు. మిగతా నాలుగింటిలో ఒకటి తెగినా, క్రింపింగ్ (కొనల్లో ప్లగ్ బిగించడం) సరిగా లేకపోయినా లింక్ చడీచప్పుడు లేకుండా 100కి దిగిపోతుంది. లైట్ వెలుగుతూనే ఉంటుంది, లైవ్ వస్తూనే ఉంటుంది, అందుకే ఎవరికీ అనుమానం రాదు.

నెట్‌వర్క్ కనెక్షన్స్‌లో ఈథర్‌నెట్ స్టేటస్ తెరిచి స్పీడ్ చూడండి. 100 అని ఉంటే ఫ్యాక్టరీలో క్రింప్ చేసిన క్యాట్ 6 కేబుల్ పెట్టండి. అడాప్టర్ సెట్టింగ్స్‌లో స్పీడ్‌ని బలవంతంగా 1 గిగాబిట్‌కి మార్చడం వల్ల తెగిన తీగ అతుక్కోదు. దాన్ని ఆటో నెగోషియేషన్‌లోనే (రెండు వైపులా పరికరాలే వేగం కుదుర్చుకునే పద్ధతి) ఉంచండి.

రూట్_టేబుల్:
పైవారు చెప్పినదానికి నాది కొనసాగింపు. మీ రెండు సమస్యలకీ మూలం ఒకటే అనిపిస్తోంది.

పింగ్‌లో 0 శాతం లాస్ అన్నది నమ్మకండి. జవాబు ఇచ్చింది 192.168.0.37, కెమెరా కాదు. అది మీ ల్యాప్‌టాప్ వైఫై అడ్రసే అయి ఉంటుంది, ఐపీకాన్ఫిగ్ (ల్యాప్‌టాప్ అడ్రసులు చూపే కమాండ్) కొట్టి చూడండి. "అక్కడ ఎవరూ లేరు" అని మీ ల్యాప్‌టాప్ తనకు తానే చెప్పుకుంటున్న మాటని కూడా విండోస్ రిప్లైగానే లెక్కేస్తుంది.

వైఫై, కెమెరా రెండూ 192.168.0తో మొదలయ్యే అడ్రసుల్లోనే ఉన్నాయి. అలా ఉంటే మెట్రిక్ (ఒక్కో దారికి విండోస్ ఇచ్చే అంకె) తక్కువ ఉన్న దారినే విండోస్ ఎంచుకుంటుంది. గిగాబిట్ ఈథర్‌నెట్ మెట్రిక్ 25, 100 మెగాబిట్‌కి పడిపోతే 35. మంచి సిగ్నల్ ఉన్న వేగమైన వైఫైకి 30. అంటే కేబుల్ 100కి దిగి, వైఫై బాగున్న రోజు కెమెరా కోసం వెతుకులాట వైఫైలో జరుగుతుంది. వైఫై నెమ్మదిగా ఉన్న రోజు దారి ఈథర్‌నెట్‌కి తిరిగి కెమెరా దొరుకుతుంది.

ఈ రోజుకి వైఫై ఆపి పని కానివ్వండి. శాశ్వతంగా అయితే కెమెరాని వేరే సబ్‌నెట్‌కి (అడ్రసుల గుంపుకి) మార్చండి. ముందు కెమెరాలో 192.168.50.10, ఆ తర్వాత ల్యాప్‌టాప్ ఈథర్‌నెట్‌లో 192.168.50.1, మాస్క్ (గుంపు ఎంత పెద్దదో చెప్పే అంకె) 255.255.255.0, గేట్‌వే (బయటి నెట్‌వర్క్‌కి దారి) ఖాళీగా వదలండి. వరస తప్పితే కెమెరా చేతికి అందదు. కొత్త అడ్రస్‌ని కెమెరా మీద స్టిక్కర్ అంటించి రాయండి. ఫోట్రాన్ కెమెరాలు 192.168.0.10తో వస్తాయని, ఫాంటమ్ కెమెరాలు 100.100తో మొదలయ్యే అడ్రస్‌తో, 255.255.0.0 మాస్క్‌తో వస్తాయని తెలిసినవాళ్లు ఆ పాత అడ్రస్ కోసమే వెతుకుతారు.

ఫైర్‌వాల్ మళ్లీ ఆన్ చేసేయండి. గేట్‌వే లేని లింక్‌ని విండోస్ పబ్లిక్ నెట్‌వర్క్‌గా చూస్తుంది. ఫైర్‌వాల్ అనుమతుల జాబితాలో కెమెరా సాఫ్ట్‌వేర్‌కి పబ్లిక్ గడిలో కూడా టిక్ పెడితే చాలు.

ఫ్రేమ్_లెక్క:
పెన్ డ్రైవ్ ఫ్యాట్ 32లో (డ్రైవ్‌లో ఫైళ్లు అమర్చే ఒక పద్ధతి) ఉంది. దానిలో ఒక ఫైల్ 4 జీబీ దాటదు. ఆ హద్దు లేని ఎన్‌టీఎఫ్ఎస్ పద్ధతికి ఫార్మాట్ చేయొచ్చు, కానీ ముందు ల్యాప్‌టాప్ లోపలి ఎస్‌ఎస్‌డీకి దింపి తర్వాత కాపీ చేసుకోవడమే మేలు.

అసలు 16 జీబీ మొత్తం ఎందుకండీ? మీ సెట్టింగ్‌లో ఒక ఫ్రేమ్ 1.57 ఎంబీ, మెమరీ నిండా దాదాపు 10,900 ఫ్రేములు, అంటే 2.2 సెకన్లు. దెబ్బ తగిలి పలక పగిలేది 20 మిల్లీసెకన్లలో అనుకుంటే 100 ఫ్రేములే. ముందూ వెనకా కలిపి 400 తీసుకున్నా 630 ఎంబీ. ప్లేబ్యాక్‌లో మొదలు, చివర గుర్తు పెట్టి ఆ ముక్కనే సేవ్ చేయండి.

ఇంపాక్ట్_ల్యాబ్:
37 వైఫై అడ్రసే. స్టేటస్‌లో 100 అనే ఉంది. కేబుల్ మార్చాక 1 గిగాబిట్ చూపిస్తోంది, సబ్‌నెట్ కూడా మార్చాం, కెమెరా వెంటనే దొరుకుతోంది. కానీ మొత్తం మెమరీకి ఇంకా 7 నిమిషాలు పడుతోంది.

గిగాబిట్_గోపురం:
అది సెకనుకి 40 ఎంబీ. అడాప్టర్ యూఎస్‌బీ 2 పోర్టులో ఉన్నట్టుంది. కెమెరా నుంచి అడాప్టర్ దాకా గిగాబిట్ నిజమే, అక్కడి నుంచి ల్యాప్‌టాప్ లోపలికి దారి ఇరుకు. స్టేటస్ విండో ఈ సంగతి చెప్పదు. యూఎస్‌బీ 3 పోర్టుకి, చాలా ల్యాప్‌టాప్‌లలో అది నీలం రంగులో ఉంటుంది, మార్చి చూడండి. అడాప్టర్ కూడా యూఎస్‌బీ 3దే అయి ఉండాలి.

పాత కేబుల్ రెండు కొనలూ కత్తిరించి పారేయండి. సొరుగులో పెడితే వచ్చే నెల ఎవరో ఒకరు దాన్నే తెచ్చి తగిలిస్తారు.