సొంత పొలంలో సమాధి: అనుమతి అవసరమా?

ప్రశ్న: మా తాతయ్యగారు తన తదనంతరం పొలంలో వేపచెట్టు కింద, నాయనమ్మ సమాధి పక్కనే ఖననం చేయమంటున్నారు. పట్టా మాదే, అయినా అనుమతి కావాలా?

జవాబు 1: పట్టా ఒక్కటే సరిపోదండీ. 2025 జనవరి 27న, బస్తర్‌కు చెందిన ఒక క్రైస్తవ కుటుంబం కేసులో, సొంత భూమిలో ఖననానికి సుప్రీంకోర్టు న్యాయమూర్తుల్లో ఒకరు సరేనన్నారు, మరొకరు కాదన్నారు. చివరికి, అప్పటికి సుమారు 20 రోజులుగా మార్చురీలోనే ఉన్న ఆ పార్థివదేహాన్ని కర్కాపాల్‌లోని క్రైస్తవ శ్మశానవాటికలో ఖననం చేయాలని ఇద్దరూ కలిసి ఆదేశించారు. కాబట్టి పంచాయతీ కార్యదర్శికి ఇప్పుడే రాతపూర్వకంగా అర్జీ పెట్టుకోండి.

జవాబు 2: ఎక్కడ ఖననం చేసినా, మరణాన్ని 21 రోజుల్లోపు తెలియజేసి నమోదు చేయించాలి. తర్వాత అనుమానాలు తలెత్తితే, భారతీయ నాగరిక సురక్షా సంహిత (నేర విచారణ విధానాల చట్టం) 196వ సెక్షన్ కింద దేహాన్ని వెలికితీయించే అధికారం మేజిస్ట్రేటుకు ఉంది.

ప్రశ్న అడిగినవారు: నాయనమ్మ విషయంలో నోటిమాటతోనే సరిపెట్టుకున్నాం. రేపే అర్జీ ఇస్తానండీ.