పై అంతస్తు గదికి ఎన్ని టన్నుల ఏసీ పెట్టించాలి?

ప్రశ్న (హన్మకొండ నుంచి)

నమస్కారం. మాది హన్మకొండలో రెండంతస్తుల ఇల్లు. పై అంతస్తులో అమ్మ పడుకునే గది వెడల్పు 12 అడుగులు, పొడవు 14 అడుగులు. నెత్తిన నేరుగా స్లాబే. పడమటి గోడకు నాలుగడుగుల కిటికీ ఉంది. ఏప్రిల్ వచ్చిందంటే రాత్రి తొమ్మిదింటికి స్టూలెక్కి స్లాబ్‌కు చెయ్యి ఆనించినా అరచేతికి సెగ తగులుతుంది, ఫ్యాను వేస్తే ఆ సెగే కిందికి దిగుతుంది. అమ్మకు డెబ్బై ఏళ్లు దాటాయి. ఒక దుకాణంలో గది కొలత అడిగి 1 టన్ను చాలన్నారు. ఇంకో దుకాణంలో మన ఎండలకు 2 టన్నులు ఉండాల్సిందేనన్నారు. ఎవరి మాట నమ్మాలో తెలియడం లేదు. అలాగే, చలికాలంలో అమ్మ ఆదిలాబాద్‌లో అక్క వాళ్లింట్లో ఉంటుంది. అక్కడి గదికి వేడినీ చల్లదనాన్నీ ఇచ్చే ఏసీ పెడితే ఏ సైజు తీసుకోవాలో కూడా చెప్పగలరు.

జవాబు (కాజీపేట నుంచి)

ఏసీలు బిగించే పనిలో చాలా ఏళ్లుగా ఉన్నాను కాబట్టి కొంచెం వివరంగా రాస్తున్నాను. ఏసీ చల్లదనాన్ని తయారుచేయదు, గదిలోని వేడిని బయటికి తోడిపోస్తుంది. టన్ను అనే మాట కూడా మంచు గడ్డల కాలం నాటిదే: 2,000 పౌండ్ల మంచు 24 గంటల్లో కరగడానికి ఎంత వేడి పీల్చుకుంటుందో అంత వేడిని తోడగలిగితే అది 1 టన్ను, అంటే సుమారు 3,500 వాట్లు. కాబట్టి గది ఎన్ని చదరపు అడుగులని అడిగి ఊరుకోకుండా, ఆ గదిలోకి ఎటు నుంచి ఎంత వేడి వస్తుందో చూడాలి.

మీరు చెప్పిన గదికి నా అంచనా ఇది. మే నెలలో సాయంత్రం స్లాబ్ ఒక్కటే సుమారు 1,300 వాట్ల వేడిని లోపలికి దించుతుంది. మధ్యాహ్నం ఎండ సిమెంటులో ఇంకి, నాలుగైదు గంటల తరువాత కింది వైపుకు వస్తుంది కనుకనే మీ అరచేతికి రాత్రి సెగ తగులుతోంది. పడమటి గోడ నుంచి 500, కిటికీలోంచి పడే ఎండతో మరో 500, మిగతా గోడలు, తలుపు సందుల నుంచి 400, మనుషులు, టీవీ, లైట్లకు 250 వేసుకుంటే మొత్తం 2,950 వాట్లు అవుతుంది. ఈ లెక్కన 1 టన్ను సరిపోతుందనిపిస్తుంది. అయితే ఏసీ మీద రాసే సామర్థ్యం బయట 35 డిగ్రీలు ఉన్నప్పుడు కొలిచినది. మన దగ్గర 44 దాటిన రోజున అందులో పదో వంతైనా తగ్గుతుంది. అప్పుడు రాబడికీ ఖర్చుకూ సరిగ్గా సరిపోయిన సంసారంలా, మిగులు ఏమీ ఉండదు. పగలంతా కాగిన గదిని చల్లబరచడానికి ఆ మిగులే కావాలి.

అందుకని స్లాబ్‌ను ఇలాగే వదిలేస్తే 1.5 టన్నుల ఇన్వర్టర్ ఏసీ (అవసరాన్ని బట్టి కంప్రెసర్ వేగం తగ్గించుకునే రకం) తీసుకోండి. స్లాబ్ మీద వేడిని తిప్పికొట్టే తెల్లని పూత వేయించి, కిటికీకి బయటి వైపు నీడ కల్పిస్తే స్లాబ్ వేడి సగం దాకా తగ్గవచ్చు. అప్పుడు 1 టన్ను నిజంగానే చాలు. నన్నడిగితే ముందు పూత వేయించండి, ఆ డబ్బు ప్రతి నెలా కరెంటు బిల్లులో తిరిగి వస్తుంది. పై లెక్క గది 26 డిగ్రీల దగ్గర ఉండాలని వేసింది; పెద్దవారికి అంతే హాయి.

జవాబు (కరీంనగర్ నుంచి)

పెద్దది కొంటే పోయేదేముంది అనుకునేవారి కోసం మా అనుభవం రాస్తున్నాను. మధ్య అంతస్తులో 120 చదరపు అడుగుల గదికి దుకాణదారు మాట విని 2 టన్నుల మామూలు ఏసీ పెట్టించాం. మేలో బాగానే ఉంది. ఆగస్టు ముసురులో మాత్రం ఐదారు నిమిషాల్లోనే గది చల్లబడి కంప్రెసర్ ఆగిపోయేది, గాలిలోని తేమ మాత్రం తగ్గేది కాదు. గాలిలోని తడి నీరై పైపులోంచి బయటికి పోవాలంటే యంత్రం ఆగకుండా కొంతసేపు నడవాలట. తెల్లవారేసరికి దుప్పటి చేతికి చెమ్మగా తగిలేది, బీరువాలో బట్టలకు ముక్క వాసన పట్టింది. చివరికి దాన్ని హాలుకు మార్చి, గదికి 1 టన్ను ఇన్వర్టర్ పెట్టుకున్నాం. ఇన్వర్టర్ వేగం తగ్గించుకుంటుంది నిజమే, కానీ దానికీ ఒక కనీస హద్దు ఉంటుంది.

జవాబు (ఆదిలాబాద్ నుంచి)

మా దగ్గర డిసెంబరు, జనవరి రాత్రుల్లో పది డిగ్రీల కంటే దిగువకు పోవడం మామూలే. అయినా చలి కోసం వేరే సైజు చూడనక్కరలేదు. బయట 8, లోపల 20 కావాలంటే తేడా 12 డిగ్రీలే. ఎండాకాలంలో 44 నుంచి 26కు దించాలంటే తేడా 18, దానికి తోడు ఎండ. వేసవికి సరిపోయినది చలికీ సరిపోతుంది. కొనేటప్పుడు ఒక్కటి అడగండి: లోపల హీటరు తీగ కాలి వేడినిచ్చే రకమా, గ్యాస్ దారి మళ్లించి బయటి గాలిలోని వేడినే లోపలికి తెచ్చే హీట్ పంప్ రకమా? మామూలు హీటరు 2,000 వాట్ల వేడి ఇవ్వాలంటే 2,000 వాట్ల కరెంటు కాలుస్తుంది. హీట్ పంప్ అదే వేడిని సుమారు 600, 700 వాట్లతో ఇస్తుంది.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. ఫిబ్రవరిలోనే స్లాబ్‌కు పూత వేయిస్తాం. బయటి యూనిట్‌ను పడమటి గోడకే బిగించవచ్చా?

జవాబు (కాజీపేట నుంచి)

వీలైతే వద్దండీ. ఉత్తరం గోడకు పెట్టించి, వెనుక అడుగు దూరం, ముందు గాలి పోయేంత ఖాళీ వదలండి. వేడి గాలిని మళ్లీ తానే పీల్చుకుంటే ఎంత పెద్ద ఏసీ అయినా చల్లబరచలేదు. మీటరు దగ్గర నుంచి 4 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగతో విడిగా లైను లాగించి, దానికి 20 ఆంపియర్ల ఎంసీబీ (కరెంటు మోతాదు మించితే దానంతటదే ఆపేసే స్విచ్) పెట్టించండి. పూత వేయించాక ఒక ఎండ రోజు చూసి రాత్రి తొమ్మిదింటికి మళ్లీ స్లాబ్‌కు చెయ్యి ఆనించి చూడండి, ఆ తరువాతే ఏసీ కొనండి.